ద్రాక్షారామంలో విన్న మిజ్రాబ్



పోయిన నెల మా ఇంట్లో ఒక చిన్న బహస్ జరిగింది. మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం. రెండేళ్ళ ఈదీ డబ్బులు కూడబెట్టుకుని ఒక పాత గిటార్ కొనుక్కొచ్చాడు. గిటార్‌తో పాటు షాపువాడు మూడు పిక్‌లు చేతిలో పెట్టాడట. తీగల్ని మీటడానికి వాడే చిన్న ప్లాస్టిక్ బిళ్ళలు. ఒకటి కాగితంలా వంగుతోంది, ఇంకోటి కాస్త గట్టిగా ఉంది, మూడోది గోలీసోడా మూతలా బండగా ఉంది. "అబ్బా, వీటిలో ఏది వాడాలి? దేనికి దానికి సౌండ్ వేరేగా వస్తోంది. పైగా ఈ పల్చటిది వేళ్ళలోంచి జారిపోతోంది" అని నా ముందుకొచ్చాడు.

ఆ రోజు ఇంట్లో దావత్. మా బంధువుల్లో ఒక బుజుర్గ్ పక్కనే కూర్చుని ఉన్నారు. మావాడి చేతిలోంచి పిక్ తీసుకుని, వెలుతురుకి ఎత్తి చూసి, దస్తర్‌ఖాన్ పక్కన పెట్టేశారు. "బేటా, ఏ సబ్ అప్నా నహీ. వీణ వాళ్ళది, గిటార్ అంగ్రేజోళ్ళది. మనకి వీటితో ఏం వాస్తా?" అన్నారు. కోపంగా కాదు, ప్రేమగానే అన్నారు. నేను ఏమీ మాట్లాడలేదు. పెద్దవాళ్ళ ముందు నోరు తెరవని తాలీమ్ మాది. మావాడు గిటార్‌ని తీసుకెళ్ళి బీరువా వెనక నిలబెట్టాడు. వారం దాకా దాన్ని ముట్టుకోలేదు.

ఆ రోజు నేను ఇవ్వని జవాబు ఈ మజ్మూన్. ముందు ఒక పాత సంగతి చెప్పాలి.

అప్పటికి నేను అఖ్బార్‌లో కొత్త. ద్రాక్షారామం వెళ్ళాను. ఆ ఊరు తెలియని వాళ్ళకి చెబుతున్నా: రామచంద్రపురం దగ్గర, కాకినాడకి సుమారు 30 కిలోమీటర్లు. పంచారామాల్లో ఒకటైన భీమేశ్వరాలయం ఉన్నది అక్కడే. ఆ ఆలయాన్ని తూర్పు చాళుక్యుల నాటిదిగా చెబుతారు. హజ్రత్ సయ్యద్ షా భాజీ ఔలియా దర్గా కూడా ఆ ఊళ్ళోనే. ఉర్సుకి ముసల్మానులెంతమంది వస్తారో హిందువులూ అలాగే వస్తారు. మొక్కుకుంటారు, చాదర్ కప్పుతారు, తబర్రుక్ కళ్ళకద్దుకుంటారు. మా నానీ చిన్నప్పుడు మమ్మల్ని ఎడ్లబండి మీద తీసుకెళ్ళిన జియారత్ అదే.

నేను జియారత్ చేసుకుని, పక్క వీధిలోంచి బస్టాండుకి నడుస్తుంటే ఒక ఇంట్లోంచి వీణ వినిపించింది. గుమ్మం తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. లోపల ఒక పెద్దావిడ నలుగురు ఆడపిల్లలకి పాఠం చెబుతోంది. వీణ ఆపి చాప మీద అటూ ఇటూ తడుముతూ, "నా మిజరాబు ఏదర్రా? ఇందాక ఇక్కడే పెట్టాను కదా" అంది.

నేను అక్కడే ఆగిపోయాను. మిజ్రాబ్! నేను పదో తరగతి దాకా ఉర్దూ మీడియంలో చదువుకున్నవాణ్ణి. ఆ మాట నాకు షాయరీలో పరిచయం. దిల్ ఒక సాజ్, గమ్ దాని మీద మిజ్రాబ్ అని మా ఉర్దూ ఉస్తాద్ తష్రీహ్ చేసేవారు. ఆ మాట ఒక తెలుగు బ్రాహ్మణ ఇంట్లో, పసుపు రాసిన గడప అవతల, అంత మామూలుగా వినపడుతుందని ఎప్పుడూ అనుకోలేదు.

గుమ్మం దగ్గర నిలబడి, సంకోచిస్తూనే అడిగాను. "అమ్మా, మిజరాబు అంటే ఏంటండీ?" ఆవిడ దొరికిన వస్తువుని చూపించింది. సన్నటి ఉక్కు తీగని మడిచి, వేలి కొసకి ఉంగరంలా తొడుక్కునేలా చేసింది. "ఇదేనండి. వీణ వాయించేవాళ్ళం అందరం మిజరాబనే అంటామండి. తెలుగు మాటేగా?" అంది. అరబీ మాటమ్మా అన్నాను. ఆవిడ నవ్వేసి, "అలాగాండీ! మా గురువుగారూ ఇదే అనేవారండి. వేలికి సరిపోతే చాలు, ఎక్కడిదైతే ఏముందండి" అని మళ్ళీ పాఠంలో పడింది.

ఆ వాక్యం అప్పటినుంచి నాలో ఉంది. మావాడి గిటార్ బీరువా వెనక్కి పోయిన రోజు మళ్ళీ గుర్తొచ్చింది.

ముందు మాట సంగతి చూద్దాం. అరబీలో జ-ర-బ అనేది మాద్దా, అంటే మూలధాతువు. కొట్టడం దాని మానీ. ఉర్దూ మీడియంలో లెక్కలు నేర్చుకున్నవాళ్ళకి జమా, తఫ్రీఖ్, జర్బ్, తక్సీమ్ గుర్తుండే ఉంటాయి. కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం. అందులో జర్బ్ అదే మాట. జిక్ర్ మహఫిల్‌లో దిల్ మీద పడే దెబ్బనీ జర్బ్ అనే అంటారు. ఇక్బాల్ 1936లో వేసిన కితాబ్ పేరు జర్బె కలీమ్. ఏదైనా పని చేయడానికి వాడే ఆలా పేరు కావాలంటే అరబీవాళ్ళు మాద్దా ముందు 'మి' చేరుస్తారు. ఫతహ్ అంటే తెరవడం, తెరిచేది మిఫ్తాహ్, తాళంచెవి. వజన్ తూచేది మీజాన్. మన రోజువారీ మిస్వాక్ కూడా ఆ సాంచాలో పోసిన మాటే. అలాగే జర్బ్ చేసేది మిజ్రాబ్.

తెలుగులో ఆ పనికి మాట లేదని కాదు. తీగని 'మీటడం' అనే క్రియ మన తెలుగుకి ఉన్న ఖూబ్‌సూరత్ మాటల్లో ఒకటి. సంస్కృతంలో ఆ సాధనం పేరు కోణం. అమరకోశంలో వీణ మీటే వస్తువుగా కోణాన్ని చెప్పారు. మూల అనే అర్థంలో లెక్కల పుస్తకంలో చదివే కోణమే ఈ మాట. డిగ్రీలో అమరం చదివేటప్పుడు ఇది చూసి నాకు ఆశ్చర్యం వేసింది. అటు జర్బ్ లెక్కల్లోకి పోయింది, ఇటు కోణం లెక్కల్లోకి పోయింది. సాజ్ పక్కన మాత్రం మిజ్రాబ్ మిగిలింది.

ఇప్పుడు మావాడి సవాల్‌కి వద్దాం. మందం, గట్టిదనం, జారిపోవడం. ఇది కొత్త సవాల్ కాదు. పన్నెండు వందల ఏళ్ళ కిందట ఒక మనిషి సరిగ్గా దీని గురించే ఆలోచించాడని తారీఖ్ చెబుతోంది. ఆయన పేరు అబుల్ హసన్ అలీ ఇబ్న్ నాఫీ. లోకానికి జిర్యాబ్ అంటే తెలుస్తుంది. అబ్బాసీల బగ్దాద్‌లో ఇస్‌హాఖ్ మౌసిలీ దగ్గర నేర్చుకున్నాడని రివాయత్. అక్కడ నిలదొక్కుకోలేక పడమటికి వెళ్ళి, 822లో అందలూస్‌లోని కుర్తుబా చేరాడు. ఇక్బాల్ నజ్మ్ రాసిన మస్జిదే కుర్తుబా ఉన్న ఊరే, ఇప్పటి స్పెయిన్‌లోని కార్డోబా. అమీర్ రెండో అబ్దుర్రహ్మాన్ ఆయన్ని ఇజ్జత్‌తో దర్బార్‌లో పెట్టుకున్నాడు.

జిర్యాబ్ వాయించే సాజ్ ఊద్. గిటార్‌కి దగ్గర బంధువైన యూరప్ ల్యూట్ ఈ 'అల్ ఊద్' నుంచే పుట్టింది, పేరుతో సహా. అప్పటిదాకా ఊద్‌ని చెక్కతో చేసిన మిజ్రాబ్‌తో వాయించేవారు. జిర్యాబ్ దాన్ని వదిలేసి గద్ద ఈక కాడతో మిజ్రాబ్ చేసుకున్నాడు. ఈ సంగతి మనకి చెప్పింది 1632లో చనిపోయిన ముఅర్రిఖ్ అల్ మఖ్ఖరీ. జిర్యాబ్ తర్వాత దాదాపు ఎనిమిది వందల ఏళ్ళకి, పాత కితాబుల్ని ముందు పెట్టుకుని రాశాడు. ఆయన చెప్పిన కారణాలు చూడండి: ఈక కాడ నున్నగా, సాఫ్‌గా ఉంటుంది, వేళ్ళకి తేలిక, ఎంత వాయించినా తీగ తొందరగా పాడవదు. అంటే ఆవాజ్, చేతి సుఖం, తీగ మన్నిక. ఈ రోజు గిటార్ షాపులో నిలబడిన పిల్లాడు అడిగేవీ ఈ మూడే.

అరబ్ దేశాల్లో ఇప్పటికీ ఊద్ మిజ్రాబ్‌ని 'రీష' అంటారు. రీష అంటే ఈక. ఇప్పుడు అది చాలాసార్లు కొమ్ముతోనో ప్లాస్టిక్‌తోనో చేసిందే. ఈక పోయింది, పేరు ఉండిపోయింది.

ఇక హిందూస్తాన్. సితార్‌ని అమీర్ ఖుస్రో కనిపెట్టారని మన ఇళ్ళల్లో చెప్పుకుంటాం. హజ్రత్ నిజాముద్దీన్ ఔలియా మురీద్ అంటే మనకి ఉన్న ముహబ్బత్ అలాంటిది. కానీ 1325లో చనిపోయిన ఆ ఖుస్రో రాతల్లో సితార్ లేదు. తహఖీఖ్ చేసిన వాళ్ళు చూపించేది పద్దెనిమిదో శతాబ్దం ఢిల్లీలో ఉన్న ఖుస్రో ఖాన్ అనే ఇంకో సంగీతకారుణ్ణి. పేరు ఒకటి కావడంతో కథ నాలుగు వందల ఏళ్ళు వెనక్కి జరిగింది. మనవాళ్ళ గొప్ప చెప్పుకోవడానికైనా సరే, తారీఖ్‌ని తప్పు చెప్పకూడదు.

సితార్‌లో మిజ్రాబ్ కుడిచేతి చూపుడువేలికి ఉంటుంది. లోపలికి లాగే దెబ్బ 'దా', బయటికి తోసే దెబ్బ 'రా'. సితార్ బోల్ అంతా ఈ రెండు దెబ్బల ఆట. ఢిల్లీ మసీత్ ఖాన్ పేరుతో మసీత్‌ఖానీ గత్, ఆ తర్వాత లక్నో వైపు గులాం రజా పేరుతో రజాఖానీ గత్ వచ్చాయి. మొదటిది నింపాదిగా నడిచేది, రెండోది పరిగెత్తేది. వేలి కొసన ఉన్న తీగముక్క దెబ్బల వరసలే బందిష్‌ల రూపాన్ని నిర్ణయించాయి. ఇంకో తమాషా ఏమిటంటే, పేరులో సితార్‌కి తోబుట్టువైన ఇరానీ సెతార్‌ని మిజ్రాబ్‌తో కాదు, చూపుడువేలి గోటితోనే వాయిస్తారు. గోరా, మిజ్రాబా అనే బహస్ ఏ ఒక్క దేశానిదీ కాదు.

మన వీణలో కూడా అదే బహస్. వీణకి మెట్ల మీద నడిచే నాలుగు తీగలు, పక్కన తాళానికి మూడు తీగలు. కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు పై నాలుగింటిని మీటుతాయి. చిటికెనవేలు తాళం తీగల్ని కింది నుంచి పైకి మీటుతుంది. కొందరు ఆ రెండు వేళ్ళకి గోళ్ళు పెంచుకుని వాయిస్తారు, కొందరు మిజ్రాబ్ తొడుక్కుంటారు.

గోటితో మీటితే నాదం గుండ్రంగా, మెత్తగా ఉంటుంది. వేలికీ తీగకీ మధ్య ఇంకేమీ అడ్డు లేదు కాబట్టి ఎంత బరువుతో మీటుతున్నామో వేలికే తెలుస్తుంది. కానీ ఉక్కు తీగ మీద గోరు అరుగుతుంది. అంట్లు తోమితే మెత్తబడుతుంది, బట్టలుతికితే విరుగుతుంది. కచేరీ ముందు రోజు గోరు విరిగితే నెలల రియాజ్ బర్బాద్. ఇంటి పనంతా ఆడవాళ్ళ నెత్తిన పెట్టే మన సమాజంలో ఎంతమంది గోళ్ళు నిలిచి ఉంటాయి? మిజ్రాబ్ వాళ్ళకి మేలు చేసిందనే నా ఖయాల్. అంట్లు తోమిన చేతిని తుడుచుకుని, మిజ్రాబ్ తొడుక్కుని కూర్చోవచ్చు.

మిజ్రాబ్‌తో ఆవాజ్ గట్టిగా, స్పష్టంగా, హాలు చివరిదాకా పోతుంది. అయితే తీగని తగిలినప్పుడు ఇనుము మీద ఇనుము పడ్డ చిన్న 'టిక్' చప్పుడు కూడా వస్తుంది. చెయ్యి తిరిగినవాళ్ళు దాన్ని దాచేస్తారు, తిరగనివాళ్ళకి అదే ముందు వినిపిస్తుంది. కొలత కూడా ముఖ్యం. బిగుతుగా ఉంటే వేలి కొస తిమ్మిరెక్కుతుంది, వదులుగా ఉంటే మధ్యలో తిరిగిపోతుంది. అందుకే వేలికి సరిపోయే మిజ్రాబ్ ఒకటి దొరికితే వాయించేవాళ్ళు దాన్ని ఏళ్ళ తరబడి దాచుకుంటారు. చాప మీద తడుముకున్న ఆ పెద్దావిడ కంగారు నాకు ఇప్పుడు అర్థమవుతోంది.

ఆవాజ్ ఎందుకు మారుతుంది? తీగని మీటినప్పుడు ఒక్క స్వరమే పుట్టదు. అసలు స్వరం మీద దాని రెట్టింపు, మూడు రెట్లు, నాలుగు రెట్ల కంపనాలు సన్నగా తోడు వస్తాయి. మీటే వస్తువు గట్టిగా, మొనదేలి ఉంటే ఆ పై కంపనాలు ఎక్కువ రేగుతాయి, ఆవాజ్ మెరుస్తుంది. వెడల్పుగా, మెత్తగా ఉంటే అవి అణిగిపోతాయి, ఆవాజ్ గుండ్రంగా వస్తుంది. ఎక్కడ మీటామన్నదీ లెక్కే. తీగ చివర ఉన్న గుర్రం దగ్గర మీటితే సన్నగా, పదునుగా. దూరంగా మీటితే నిండుగా. వేలి కండ, గోరు, ఈక, కొమ్ము, ఉక్కు తీగ, ప్లాస్టిక్ అన్నిటికీ ఇదే కానూన్. కంపనానికి మజ్‌హబ్ తెలియదు.

మళ్ళీ ద్రాక్షారామం వద్దాం. 1922 సెప్టెంబరు 23న ఆ ఊళ్ళో ఈమని శంకరశాస్త్రి గారు పుట్టారు. తండ్రి అచ్యుతరామశాస్త్రి గారూ వైణికులే. శంకరశాస్త్రి గారు మద్రాసు జెమినీ స్టూడియో సంగీత విభాగంలో పనిచేశారు, తర్వాత ఆకాశవాణికి వెళ్ళి ఢిల్లీలో వాద్యబృందాన్ని నడిపించారు. 1974లో పద్మశ్రీ వచ్చింది. 1987లో కన్నుమూశారు. కాకినాడలో పుట్టిన చిట్టిబాబు గారు ఆయన షాగిర్దే. వీణ అంటే గుళ్ళో, పూజగదిలో వినే వాద్యం అనుకునే రోజుల్లో, గురుశిష్యులిద్దరూ దాన్ని సినిమా ఆర్కెస్ట్రాలోకి, దేశమంతటి వేదికల మీదికి తీసుకెళ్ళారు.

శంకరశాస్త్రి గారి జీవితంలో మన బహస్‌కి పనికొచ్చే ఒక సంగతి ఉంది. ఆయన సితార్ ఉస్తాద్ అబ్దుల్ హలీం జాఫర్ ఖాన్‌తో జుగల్‌బందీ చేశారు. 1927లో పుట్టి 2017లో గతించిన హలీం జాఫర్ ఖాన్ సితార్ మీ అందరూ వినే ఉంటారు, మొఘల్-ఎ-ఆజమ్ సినిమాలో. ఆయన బాజ్‌కి జాఫర్‌ఖానీ బాజ్ అని పేరు. అందులో అసలు కమాల్ ఏమిటంటే మిజ్రాబ్ దెబ్బలు తక్కువ, ఎడమచేతి పని ఎక్కువ. ఒక్కసారి మీటి, ఆ దెబ్బ ఆరిపోయేలోగా ఎడమచేతి వేళ్ళతోనే ఎన్నో స్వరాలు పలికించడం. ఇది వీణ గమకానికి చాలా దగ్గర. వీణలో కూడా ఒక్క మీటుతో తీగని పక్కకి లాగి రెండు మూడు స్వరాల గుండా నడిపిస్తారు. దక్షిణాది సంగీతం మీద ఆయనకున్న శౌక్ ఎంతటిదంటే లతాంగి, కరహరప్రియ లాంటి కర్ణాటక రాగాల్ని సితార్ మీదికి తెచ్చుకున్నారు. ద్రాక్షారామం వైణికుడు, ముంబయి ఉస్తాద్ ఒకే వేదిక మీద కూర్చున్నప్పుడు మిజ్రాబ్ ఎవరిదని ఎవరు అడిగి ఉంటారు?

వీణ 'వాళ్ళది' అన్న మాటకి ఇంకో జవాబు హైదరాబాద్‌లో ఉంది. హజ్రత్ ఇనాయత్ ఖాన్. 1882లో బరోడాలో పుట్టారు. వాళ్ళ నానా మౌలాబఖ్ష్ మైసూరు వెళ్ళి కర్ణాటక సంగీతం కూడా నేర్చుకున్న మహా విద్వాంసుడు. నానా దగ్గర పెరిగిన ఇనాయత్ ఖాన్ గాయకుడు, వైణికుడు అయ్యారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో హైదరాబాద్ వస్తే ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆయన సంగీతం విని తాన్‌సేన్ అని పిలిచారు. ఆ ఊళ్ళోనే చిష్తీ సిల్సిలా బుజుర్గ్ సయ్యద్ అబూ హాషిం మదనీ చేతిలో చెయ్యి పెట్టి బైఅత్ చేశారు. మురీద్ అయ్యాక వీణ పక్కన పడేయలేదు. 1910లో పడమటి దేశాలకి వెళ్ళినప్పుడు వీణ కూడా వెంట ఉంది. ఏళ్ళు గడిచాక, తసవ్వుఫ్ పనికి మొత్తం వక్ఫ్ అయిపోయి సంగీతం మానుకున్నారు. అది కూడా చెప్పాలి. 1927లో ఢిల్లీలో వఫాత్ అయ్యారు. మజార్ నిజాముద్దీన్‌లో ఉంది. వీణతో ఉన్న ఆయన ఫోటోలు ఇప్పటికీ చూడొచ్చు. టోపీ, గడ్డం, ఒళ్ళో వీణ.

మన కొబ్బరి సీమవాళ్ళు తెలుసుకోవాల్సిన సంగతి మరొకటి. సరోద్ అనే సాజ్ ఉంది. అఫ్గాన్ రబాబ్ నుంచి ఎదిగింది. పఠాన్ ఖాందాన్‌ల వెంట ఉత్తర హిందూస్తాన్‌కి వచ్చింది. దాన్ని మీటే బిళ్ళని 'జవా' అంటారు. ఎక్కువమంది ఉస్తాద్‌లు కొబ్బరిచిప్పతో చేసిన జవానే ఇష్టపడతారు. చిప్ప గట్టిది, నున్నగా సాన పట్టడానికి వీలైనది, తీగ మీద నిండైన ఆవాజ్ ఇస్తుంది. పట్టు జారకుండా చివర దారమో మైనమో చుట్టుకుంటారు. మన గోదావరి జిల్లాల్లో కొబ్బరిచిప్ప పొయ్యిలోకి పోతుంది, బొగ్గవుతుంది, మహా అయితే గరిటె అవుతుంది. అదే చిప్ప ముక్క ఒక ఉస్తాద్ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దర్బారీ పలికిస్తుంది.

ఇప్పుడు గిటార్ పిక్. ఒకప్పుడు అవి సముద్రపు తాబేలు డిప్పతో చేసేవారు. ఆవాజ్‌కి దానికి మించింది లేదని పేరు. ఆ శౌక్‌కి బలైంది గద్దముక్కు తాబేలు జాతి. 1970ల నుంచి దాని వ్యాపారం మీద అంతర్జాతీయంగా నిషేధం ఉంది. దానికి చాలా ముందే, 1922లో న్యూయార్క్‌లో లుయీజీ డాండ్రియా అనే ఇటలీ ముహాజిర్ సెల్యులాయిడ్ రేకుల నుంచి పిక్‌లు కోయడం మొదలుపెట్టాడు. తాబేలు డిప్ప రంగు మచ్చల్ని కూడా నకల్ చేశారు. ఈమని వారు ద్రాక్షారామంలో పుట్టిన ఏడాదే అది. తర్వాత నైలాన్ వచ్చింది, ఇంకా గట్టి ప్లాస్టిక్‌లు వచ్చాయి. వద్దనుకున్నవాళ్ళూ ఉన్నారు. అమెరికా జాజ్ గిటారిస్ట్ వెస్ మాంట్‌గోమరీ పిక్ లేకుండా బొటనవేలితోనే వాయించాడు. క్వీన్ బ్యాండ్ బ్రయన్ మే సిక్స్‌పెన్స్ నాణెంతో వాయిస్తాడు. మెత్తటి వేలు నుంచి వెండి రంగు నాణెం దాకా, ఎవరి ఆవాజ్ వాళ్ళది.

ఇదంతా చదివి, అడిగి తెలుసుకుని, మావాడి పక్కన కూర్చున్నాను. మూడు పిక్‌లు నేల మీద పెట్టి మాట్లాడుకున్నాం. మీ పిల్లలకి కూడా పనికొస్తుందని రాస్తున్నా.

0.6 మిల్లీమీటర్ల కంటే పల్చటివి వంగుతాయి. ఆరు తీగల మీద ఒక్క ఊపులో చెయ్యి ఆడించడానికి తేలిక. పాటకి తోడు వాయించేవాళ్ళకి బాగుంటాయి. కానీ ఒక్కో తీగ మీద ధున్ పలికించాలంటే అవి వెనకబడతాయి, పైగా 'టప టప' అని ప్లాస్టిక్ చప్పుడు వస్తుంది. 1 మిల్లీమీటరు, ఆ పైన మందమైనవి వంగవు. ఒక్కో స్వరం నిండుగా, కచ్చితంగా వస్తుంది; కానీ కొత్త చేతికి తీగకి తట్టుకుని ఆగిపోతుంది. నేర్చుకునేవాళ్ళకి మధ్యరకం, 0.7 నుంచి 0.8 మధ్యది మేలు. మొన సన్నగా ఉంటే పదును, గుండ్రంగా ఉంటే మెత్తదనం.

పట్టు సంగతి: చూపుడువేలిని కొంచెం మడిచి, దాని పక్క మీద పిక్ పెట్టి, పైన బొటనవేలు ఆన్చాలి. మొన కొద్దిగా బయటికి కనపడితే చాలు; ఎక్కువ బయటికి ఉంటే తీగ దాన్ని తోసేస్తుంది. గట్టిగా నొక్కితే మణికట్టు బిగుసుకుంటుంది. పడిపోకుండా ఉండేంత పట్టు చాలు. మన గోదావరి ఉక్కపోతలో చేతికి చెమట ఎక్కువ, కాబట్టి పైన గరుకు అచ్చు ఉన్న నైలాన్‌ది చూసుకోవడం మంచిది. పెద్ద ఖరీదైన వస్తువేం కాదు. నాలుగు రకాలు తెచ్చుకుని నెలరోజులు అన్నిటితో వాయించి, చెయ్యి ఏది అడుగుతుందో అదే ఉంచుకోవాలి.

మా బుజుర్గ్ అన్నదాంట్లో ఇంకో మాట దాగి ఉందని నాకు తెలుసు: సంగీతం జాయిజా, కాదా? దాని మీద ఉలమాలో వెయ్యేళ్ళుగా ఇఖ్తిలాఫ్ ఉంది. ఇమామ్ గజాలీ ఇహ్యాలో సమా మీద పెద్ద బాబ్ రాశారు. షరతులతో ఒప్పుకున్నారు, తీగ సాజుల్ని మాత్రం మినహాయించారు. చిష్తీ ఖాన్‌ఖాహ్‌ల్లో సమా కొనసాగింది; సాజుల మీద అక్కడా బహస్ నడిచింది. ఫత్వా ఇవ్వడానికి నేను ఆలిమ్‌ని కాదు. మీ ఇంట్లో మీ ఇల్మ్, మీ జమీర్ ప్రకారం నడవండి. వద్దనుకుంటే దీన్ పేరు చెప్పి వద్దనండి, ఆ మాటని నేను ఇజ్జత్ చేస్తాను. కానీ 'మనది కాదు' అని మాత్రం అనకండి. అది తారీఖ్‌కి విరుద్ధం. ఊద్‌కి ఈక కట్టిన జిర్యాబ్, వీణ ఒళ్ళో పెట్టుకున్న ఇనాయత్ ఖాన్, ఈమని వారి పక్కన సితార్ పట్టుకున్న హలీం జాఫర్ ఖాన్, మన ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టి నాదస్వరంతో శ్రీరంగం చేరిన షేక్ చిన మౌలానా, వీళ్ళంతా ఎవరు? 'మనది కాదు' అని మన నోటితో మనమే చెబితే, మనల్ని ఈ నేల వాళ్ళు కారు అనేవాళ్ళ పని సులువు చేసినట్టే. పిల్లాడు ఆ మాట ఇంట్లో నేర్చుకుని వీధిలోకి పోతాడు. అక్కడ ఇంకొకడు అదే మాట వాడి మీద తిప్పుతాడు.

మిజ్రాబ్ అన్న మాట ద్రాక్షారామంలో ఆ పెద్దావిడ నోట్లో బతికే ఉంది. ఎవరూ రుద్దలేదు, ఎవరూ తీసేయలేదు. వేలికి సరిపోయింది కాబట్టి ఉండిపోయింది.

మావాడు చివరికి మధ్యరకం పిక్ ఎంచుకున్నాడు. గిటార్ బీరువా వెనక నుంచి మళ్ళీ వరండాలోకి వచ్చింది. మా అమ్మీ ఇంకా మొహం చిట్లిస్తూనే ఉంది. కానీ నిన్న అసర్ అజాన్ వినపడగానే, వాడు తనంతట తనే పిక్‌ని తీగల మధ్య దోపి లేచి వజూకి వెళ్ళాడు. అమ్మీ ఆ గిటార్ వైపు ఒకసారి చూసి, దాని మీద దుమ్ము పడకుండా తన పాత దుపట్టా కప్పింది. నాతో మాత్రం ఏమీ అనలేదు.

వచ్చే ఉర్సుకి వాణ్ణి ద్రాక్షారామం తీసుకెళ్తాను, ఇన్షా అల్లా. జియారత్ అయ్యాక ఆ పక్క వీధిలోంచి నడిపిస్తాను.

అల్లా హాఫిజ్.